హంతకుడు తీసిన వీడియోతో మన కథ చెప్పుకుందామా?

ఫజర్ నమాజు ముగించుకుని వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంటాం. కుటుంబ గ్రూపులో ముందుగా గులాబీలతో అలంకరించిన 'జుమా ముబారక్' కార్డు కనిపిస్తుంది. దాని కింద బంధువుల ఇంట జరిగిన నిఖా ఫోటోలు. వాటి కింద, ఎవరో ఎక్కడి నుంచో పంపిన నలభై సెకన్ల వీడియో. స్తంభానికి కట్టేసిన ఒక మనిషి, చుట్టూ కర్రలు, నవ్వులు, బలవంతంగా పలికిస్తున్న నినాదం. ఆ కింద 'యా అల్లాహ్' అంటూ కన్నీటి బొమ్మలు. గ్రూపు మూసి ఫేస్‌బుక్ తెరిస్తే అక్కడా అదే వీడియో, దాని వెంటనే బిర్యానీ మసాలా ప్రకటన. అప్పుడే నిద్రలేచి వచ్చిన పిల్లవాడు మన భుజం మీదుగా ఇదంతా చూస్తూనే ఉంటాడు. వాడికి ఏం అర్థమవుతుందో మనం అడగం.

పూర్వం కథ చెప్పే మనిషి మన ఎదుట కూర్చునేవాడు. ఇంట్లో దాదీ చెప్పినా, ఊరి నడుమ బుర్రకథ దళం చెప్పినా, కథకు మొదలూ నడుమా చివరా ఉండేవి. సందేహం వస్తే అడిగే వీలుండేది. చెప్పినదానికి చెప్పినవారే బాధ్యులు. నేడు మన ఇళ్లలో అందరికంటే ఎక్కువగా కథలు చెబుతున్నది సోషల్ మీడియా ఫీడ్. అది మాటలతో చెప్పదు, బొమ్మలను ఒకదాని కింద ఒకటి పేర్చి చెబుతుంది. ఆ పేర్పులోనే మనమెవరమో, మన గతి ఏమిటో దేశానికీ మన పిల్లలకూ కూడా నేర్పుతోంది. ఆ కథలో మన వంతుగా వస్తున్న దృశ్యాలను ఎవరు తీశారు, ఎందుకు తీశారు, వాటిని ఊరూరా మోస్తున్నది ఎవరు అనేదే ఇక్కడ నా ప్రశ్న. ఈ వ్యాసంలో నా ఫిర్యాదు ద్వేషించేవారి మీద కంటే మన మీదే ఎక్కువ.

కెమెరా ఎవరి చేతిలో ఉంది?

2017 డిసెంబరు 6న రాజస్థాన్‌లోని రాజసమంద్‌లో, పశ్చిమ బెంగాల్ మాల్దా జిల్లా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన అఫ్రాజుల్ అనే కూలీని నరికి, కాల్చి చంపారు. ఆ ఘాతుకాన్ని వీడియో తీసినవాడు దారిన పోయే సాక్షి కాడు. నిందితుడే తన బంధువైన మైనర్ బాలుడి చేత చిత్రీకరింపజేశాడని పోలీసులు చెప్పారు. కెమెరా వైపు తిరిగి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. అంటే అది హత్య మాత్రమే కాదు, ప్రేక్షకుల కోసం తయారైన ప్రదర్శన కూడా. ఆ ప్రదర్శనకు ప్రేక్షకులు దొరికారు. నిందితుడి భార్య ఖాతాకు వందలాది మంది విరాళాలు పంపగా పోలీసులు ఆ ఖాతాను స్తంభింపజేయవలసి వచ్చింది.

2019 జూన్‌లో జార్ఖండ్‌లోని సరాయకేలా ఖర్సావాన్ జిల్లాలో తబ్రేజ్ అన్సారీని స్తంభానికి కట్టి గంటల తరబడి కొట్టారు. మతపరమైన నినాదాలు పలికించారు. జూన్ 22న ఆ యువకుడు చనిపోయాడు. ఆ దృశ్యాలూ దాడి చేసిన గుంపు నడుమ నుంచే బయటికి వచ్చాయి. కొడుతున్నవారు ముఖాలు దాచుకోలేదు. దాచుకోవలసిన అవసరం ఉందని వారికి అనిపించలేదు.

దోషి సాధారణంగా సాక్ష్యాన్ని మాపుతాడు. ఇక్కడ దోషే సాక్ష్యాన్ని తయారు చేసి పంచిపెడుతున్నాడు. ఎందుకు? ఆ వీడియోకు ఇద్దరు శ్రోతలున్నారు గనుక. మొదటివాడు అతని మనిషి, చూసి ఉప్పొంగాలి. రెండోది మనం, చూసి వణకాలి. నినాదం పలికించడంలోని ఆంతర్యం కూడా ఇదే. కొట్టడానికి నినాదంతో పనిలేదు, చూపించడానికి ఉంది. ఆ మనిషి చేత ఏం పలికించాలో, ఎక్కడ ఏడిపించాలో, ఏ కోణంలో చూపించాలో అన్నీ వాళ్లే నిర్ణయించారు. ఇక కావలసింది పంపిణీదారు ఒక్కడే. ఆ పనిని అణా పైసా తీసుకోకుండా మనం చేసిపెడుతున్నాం. మాట కటువుగా ఉండవచ్చు, కానీ మన గ్రూపుల్లో జరుగుతున్నది ఇదే.

ఫీడ్ ఏం కోరుకుంటుంది?

ఈ పంపిణీ ఎలా నడుస్తుందో మన కార్యకర్తలకైనా స్పష్టంగా తెలియాలి. ఫేస్‌బుక్ 2006లో న్యూస్ ఫీడ్‌ను ప్రవేశపెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ 2016లో, పోస్టులు వచ్చిన కాలక్రమంలో చూపే పద్ధతిని వదిలి, ఎవరికి ఏది నచ్చుతుందో యంత్రం లెక్కగట్టి చూపే పద్ధతికి మారింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ వ్యాఖ్యలకూ షేర్లకూ ప్రాధాన్యం పెంచింది. లైక్ కంటే కోపం సహా ఇతర భావోద్వేగ గుర్తులకు కొంతకాలం పాటు ఐదు రెట్ల విలువ ఇచ్చిందని, 2021లో ఆ సంస్థ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల ద్వారా లోకానికి తెలిసింది.

దీని అర్థం ఏమిటి? ఒక దాడి వీడియో కింద మనం పెట్టిన కోపపు గుర్తు, 'ఎంత దారుణం' అని రాసిన వ్యాఖ్య, 'అందరూ చూడండి' అంటూ చేసిన షేరు, ఇవన్నీ యంత్రం దృష్టిలో ఆ వీడియోకు పడిన ఓట్లే. కింద ఉల్లాసంతో రాసినవాడినీ ఆవేదనతో రాసినవాడినీ అది ఒకే తక్కెడలో తూస్తుంది. మన కన్నీరు ఆ వీడియోను మరో పదిమంది ఇళ్లకు చేరుస్తుంది. ఆ పదిమందిలో తరువాతి దాడికి ఉత్సాహపడేవాడూ ఉంటాడు, భయంతో కొడుకును ఊరు దాటనివ్వని తల్లీ ఉంటుంది.

మరో సంగతి. ఫీడ్‌కు ముందూ వెనుకా అక్కరలేదు. హరియాణాలోని నూహ్ జిల్లా పాడిరైతు పెహ్లూ ఖాన్ 2017 ఏప్రిల్ 1న జైపూర్ సంతలో పాడి కోసం ఆవులు కొనుక్కుని తిరిగి వస్తుండగా అల్వర్ జిల్లా బెహ్రోడ్ వద్ద మూక దాడికి గురై, ఏప్రిల్ 3న ఆసుపత్రిలో మరణించాడు. రోడ్డు మీద ఈడ్చి కొడుతున్న దృశ్యాన్ని దేశమంతా చూసింది. చచ్చిపోయిన మనిషి మీదా, కొడుకుల మీదా గోవుల అక్రమ రవాణా కేసు నడిచింది. 2019 అక్టోబరులో రాజస్థాన్ హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. ఆ తీర్పును మనలో ఎంతమంది షేర్ చేశారు? దెబ్బలు తిన్న పెహ్లూ ఖాన్ మన అందరి ఫోన్లలోకీ వచ్చాడు. నిర్దోషిగా తేలిన పెహ్లూ ఖాన్ ఎవరి గడపా తొక్కలేదు. ఫీడ్ చెప్పే కథ ఇలా సగంలోనే, అదీ నెత్తురు దగ్గరే ఆగిపోతుంది.

'వీడియో లేకపోతే కేసే లేదు కదా?'

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. "దృశ్యం లేకపోతే ఎవరు నమ్ముతారు? దాచిపెడితే దోషికే మేలు కదా? లోకం చూడాలి" అని మన యువకులు అంటారు. ఈ మాటను తేలికగా కొట్టిపారేయలేము. వీడియో బయటికి రావడం వల్లనే పోలీసులు కదిలిన సందర్భాలు ఉన్నాయి. తబ్రేజ్ కేసులో 2023 జూలైలో పదిమందికి పదేళ్ల కఠిన కారాగార శిక్ష పడింది.

అయితే పెహ్లూ ఖాన్ కేసునే చూడండి. ఆ వీడియోను లోకమంతా చూసింది. చివరికి 2019 ఆగస్టు 14న అల్వర్ కోర్టు ఆరుగురు నిందితులనూ సంశయలబ్ధి కింద వదిలివేసింది. ఆ వీడియో తీసిన ఫోన్‌ను దర్యాప్తు అధికారులు స్వాధీనం చేసుకోలేదు, ఫోరెన్సిక్ పరీక్షకు పంపలేదు. కోట్లమంది కళ్లు చూసినది న్యాయస్థానం ముందు సాక్ష్యంగా నిలబడలేకపోయింది. లోపం మొదటగా దర్యాప్తుది, అందులో సందేహం లేదు. కానీ మనకు ఇందులో ఒక గుణపాఠం ఉంది. షేర్ల సంఖ్యకూ న్యాయానికీ మధ్య ఎటువంటి లంకె లేదు. వెయ్యి ఫోన్లలో తిరిగి తిరిగి మసకబారిన వీడియో కంటే, ఒక్క ఫోన్‌లో చెక్కుచెదరకుండా ఉన్న అసలు వీడియో విలువైనది.

చట్టం ఏమంటోంది? ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి నిర్ణీత ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అప్పటి సాక్ష్య చట్టంలోని 65బి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 అమలులోకి వచ్చింది. ధ్రువపత్రం రెండు భాగాలుగా, సంబంధిత వ్యక్తి నుంచి ఒకటి, నిపుణుడి నుంచి ఒకటి ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న లోపలి వివరాలూ పోతాయి. అందుచేత దాడి దృశ్యం ఎవరి ఫోన్‌లోనైనా నమోదైతే చేయవలసినది ఏమిటో మన మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు ముందే తెలుసుకుని ఉండాలి. అసలు ఫైలును కత్తిరించకూడదు, దాని మీద అక్షరాలు గానీ పాటలు గానీ చేర్చకూడదు. తీసినవారి పేరు, తేదీ, సమయం, స్థలం కాగితం మీద రాసుకోవాలి. ప్రతిని మరొకచోట భద్రపరచాలి. ఆ ఫోను అమ్మకుండా, రీసెట్ చేయకుండా ఉంచాలి. న్యాయవాది ద్వారా పోలీసులకు అందజేసి రసీదు తీసుకోవాలి. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారిని నోడల్ అధికారిగా నియమించాలని 2018 జూలై 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన జిల్లాలో ఆ అధికారి ఎవరో మనలో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే, షేర్ చేయడానికి చూపిన ఉత్సాహంలో పదో వంతు కూడా న్యాయం కోసం చూపలేదని ఒప్పుకోవలసిందే.

వేకో నుంచి షికాగో దాకా

దాడి చేసినవాడే ఫోటో తీసి పంచుకోవడం ఇప్పుడు పుట్టిన రోగం కాదు. అమెరికాలో నల్లజాతివారిని మూకలు చంపిన రోజుల్లో ఆ శవాల ఫోటోలను పోస్టుకార్డులుగా అమ్ముకునేవారు. 1916 మే 15న టెక్సాస్‌లోని వేకో పట్టణంలో జెస్సీ వాషింగ్టన్ అనే పదిహేడేళ్ల యువకుణ్ని వేలాదిమంది చూస్తుండగా కాల్చి చంపారు. ఊరి ఫోటోగ్రాఫరే ఆ దృశ్యాలు తీశాడు, అవీ కార్డులుగా అమ్ముడుపోయాయి. నేటి ఫార్వర్డ్‌కు అది తాతముత్తాతల నాటి రూపం.

నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ అప్పుడు ఏం చేసిందో మనం తెలుసుకోవాలి. ఎలిజబెత్ ఫ్రీమన్ అనే మహిళను వేకోకు పంపి, స్థానికులతో మాట్లాడించి, వివరాలు సేకరింపజేసింది. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ సంపాదకత్వంలోని 'ది క్రైసిస్' పత్రిక 1916 జూలైలో ఆ ఫోటోలతో పాటు ఆ పరిశోధననంతా ఎనిమిది పేజీల అనుబంధంగా ప్రచురించింది. ఫోటోలు హంతకుల వైపు నుంచి వచ్చినవే. కానీ వాటి చుట్టూ ఉన్న కథ మారిపోయింది. పట్టణం పేరు, విచారణ తీరు, అధికారుల బాధ్యత, అన్నీ అందులో చేరాయి. వేడుకగా తీసిన బొమ్మ నేరారోపణ పత్రమైంది.

మరో ఉదాహరణ 1955 నాటిది. మిసిసిపీలో పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ను దారుణంగా చంపారు. అతని తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తెరిచే ఉంచాలని పట్టుబట్టింది. తన బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలన్నది ఆమె నిర్ణయం. జెట్ పత్రిక ఆ ఫోటో ప్రచురించింది. హంతకులను తెల్లవారితోనే నిండిన జ్యూరీ వదిలివేసింది, అయినా ఆ ఫోటో పౌరహక్కుల ఉద్యమానికి బలమైంది. 'అందుకే మేమూ షేర్ చేస్తున్నాం' అనేవారికి ఒకే ప్రశ్న వేస్తాను. మేమీ టిల్ తల్లి. చూపాలా వద్దా అని నిర్ణయించే హక్కు ఆమెది. ఆ స్తంభానికి కట్టేసిన మనిషి తల్లిని మనలో ఎవరైనా అడిగారా? అతని భార్య ఆ గ్రూపులో ఉందేమో, పదో తరగతి చదివే అతని కూతురు ఆ రీల్ చూసిందేమో ఒక్కసారైనా ఆలోచించామా?

మనిషి బొమ్మగా మిగిలిపోతే

2002 గుజరాత్ మారణకాండలో చేతులు జోడించి, కళ్లలో నీళ్లతో ప్రాణభిక్ష వేడుకుంటున్న కుతుబుద్దీన్ అన్సారీ ఫోటోను రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ ఆర్కో దత్తా తీశాడు. అది చరిత్రలో నిలిచిపోయిన ఫోటో, తీసినవాడి ఉద్దేశమూ మంచిదే. అయినా ఆ బొమ్మ ఆ దర్జీని వెంటాడింది. పార్టీలూ పత్రికలూ తమ తమ అవసరాలకు దాన్ని వాడుకుంటూ పోతుంటే, తన బతుకు తనను బతకనివ్వమని ఆయన పదేపదే వేడుకోవలసి వచ్చింది. బట్టలు కుట్టి సంసారం నడిపినవాడు, పిల్లలను పెంచినవాడు, ఆ తరువాత ఎన్నో ఏళ్లు జీవించినవాడు లోకానికి కనిపించలేదు. జోడించిన రెండు చేతులే కనిపించాయి. మంచి ఉద్దేశంతో తీసిన ఒక్క ఫోటో ఇంత పని చేస్తే, దుర్మార్గపు ఉద్దేశంతో తీసిన వేల వీడియోలు మన సముదాయాన్ని ఏం చేస్తాయి?

2023 ఆగస్టులో ముజఫర్‌నగర్ జిల్లాలోని ఒక బడిలో ఏడేళ్ల ముస్లిం బాలుణ్ని నిలబెట్టి, తోటి పిల్లల చేత చెంపదెబ్బలు కొట్టించిన వీడియో గుర్తుండే ఉంటుంది. సుప్రీంకోర్టు సైతం దాని మీద తీవ్రంగా స్పందించింది. ఆ దుర్మార్గం బయటికి రావలసిందే. కానీ ఏడుస్తున్న ఆ పసివాడి ముఖం మీద కనీసం ఒక మసక ముసుగైనా వేయకుండా మనమూ ఎంత వేగంగా పంచామో గుర్తు తెచ్చుకోండి. బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం బాధిత బాలల గుర్తింపును వెల్లడించడం నేరం. ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచి, మన బిడ్డ అయితే ఆ వీడియోను స్టేటస్‌గా పెట్టుకుంటామా? ఆ పిల్లవాడు పెద్దవాడై ఉద్యోగానికి వెళ్లినా, పెళ్లి సంబంధం చూసుకున్నా ఆ చెంపదెబ్బ అతని వెంటే వస్తుంది.

మన ధర్మం ఈ విషయంలో ఎంత సున్నితంగా ఉందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చేటప్పుడు కూడా దేహం మీద వస్త్రం కప్పే ఉంచుతాం. గుస్ల్ ఇచ్చినవారు తమ కంట పడిన లోపాలను బయట చెప్పరు, అది అమానత్. తెల్లని కఫన్ చుట్టి, నలుగురూ భుజం పట్టి, దువా చేసి సాగనంపుతాం. అలాంటి మనం, నెత్తురోడుతున్న, బట్టలు చినిగిన మన సోదరుడి దేహాన్ని రోజుకు వందసార్లు ముసుగు తీసి చూపుకుంటున్నాం. జనాజా నమాజుకు రాని వేలమంది అతని చివరి క్షణాన్ని వేలితో పైకి తోసి, ఇంకో రీల్‌కు వెళ్లిపోతున్నారు. ఇది సంతాపం ఎలా అవుతుంది?

కత్తిరించిన చివర

హింసా దృశ్యాలే కాదు, మన గురించి చెప్పే అబద్ధాలు కూడా ఇదే దారిన వస్తాయి. 2020 మార్చిలో తబ్లీగీ జమాత్ పేరు చెప్పి 'కరోనా జిహాద్' అని గోల చేసినప్పుడు, ముస్లింలు పళ్లేలు నాకి వైరస్ అంటిస్తున్నారంటూ ఒక వీడియో తిరిగింది. అన్నం మెతుకు వృథా కాకూడదని దావూదీ బోహ్రాలు పళ్లేలు శుభ్రంగా నాకే ఆచారం తాలూకు పాత వీడియో అది, కరోనా రాకముందరిది. అన్నాన్ని గౌరవించే ఆచారాన్ని విషప్రయోగంగా మార్చడానికి తేదీ దాచడం ఒక్కటే సరిపోయింది. ఆ ఏడాది ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. ఆ తీర్పూ ఫీడ్‌లో పైకి రాలేదు.

అయితే వేలెత్తి చూపేటప్పుడు మన గడపనూ చూసుకోవాలి. 2018లో దేశమంతా తిరిగిన పిల్లల దొంగల వీడియో ఒకటుంది. మోటారు సైకిల్ మీద వచ్చినవాడు బిడ్డను ఎత్తుకుపోయే దృశ్యం అది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో బిడ్డను తిరిగి దింపేసి, హెచ్చరిక అట్ట చూపిస్తారు. ఆ చివరను ఎవరో కత్తిరించారు. అప్రమత్తత నేర్పే చిత్రం మూకలను రెచ్చగొట్టే చిత్రమైంది. ఆ వదంతుల గాలి మన తెలుగు నేలనూ తాకింది. 2018 మే నెలలో, అదీ రంజాన్ మాసంలో, హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల దొంగ అనుకుని మూక కొట్టి చంపింది. ఆమె భిక్షాటన కోసం వచ్చిన పేదరాలు. మనం బాధితులమైన రోజున ఫీడ్‌ను తిట్టి, మన వీధిలో ఒక అభాగ్యురాలు బలైన రోజున మౌనం వహిస్తే మన మాటకు విలువ ఉండదు. వార్త వస్తే ముందు నిర్ధారించుకోవాలని, తెలియక ఎవరికో హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవద్దని సూరా హుజురాత్ మనకు నేర్పింది. ఆ బోధ ఫార్వర్డ్ మీటకూ వర్తిస్తుంది.

ఆ రోజుల్లోనే జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, జానపద గాయకుల చేత పాటలు కట్టించి, వదంతులను నమ్మవద్దని ప్రచారం చేయించారు. తెరమీది కథకు ఎదుటి మనిషి కథతో జవాబు చెప్పారు. ఇదే పని మన మొహల్లాల్లో మనం ఎందుకు చేయకూడదు?

మన కథ మనమే తీయాలి

ఇదంతా విని 'అయితే ఫోన్లు మూసి కూర్చుందాం' అనేవారు కొందరుంటారు. నేను అనేది దానికి పూర్తిగా విరుద్ధం. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేర్లతో ముస్లిం మహిళల ఫోటోలను దొంగిలించి, వేలానికి పెట్టినట్టు చూపించారు. పాత్రికేయులు, ఉద్యమకారిణులు, విద్యార్థినులు అందులో ఉన్నారు. మన ఇళ్లలో చాలామంది దీనికి ఇచ్చిన జవాబు ఏమిటి? 'ఫోటోలు తీసేయ్ అమ్మా, అకౌంట్ మూసేయ్' అని. ఆ దుర్మార్గులు కోరింది సరిగ్గా అదే. గొంతున్న ఆడబిడ్డలు కనిపించకుండా పోవాలన్నదే వారి కోరిక. దాన్ని తండ్రులం, అన్నలం మనమే నెరవేర్చాం. ఆ మహిళల్లో పలువురు వెనక్కి తగ్గకుండా ఫిర్యాదులు చేశారు, అరెస్టులు జరిగాయి. మన కూతుళ్లకు కావలసింది ఆ దారిలో మన తోడు.

మన చేతిలో కెమెరా ఉంటే ఏం జరుగుతుందో షహీన్‌బాగ్ చూపించింది. 2019 డిసెంబరు 15 నుంచి 2020 మార్చి 24 దాకా, చలిలో, రోడ్డు మీద కూర్చున్న అమ్మలూ దాదీలూ ఫీడ్ ఎన్నడూ చూడని ముస్లిం స్త్రీని చూపించారు. పక్కన పిల్లలు బొమ్మలు వేస్తున్నారు, బస్టాపులో గ్రంథాలయం వెలిసింది, ఇనుముతో చేసిన భారతదేశ పటం నిలబడింది. ఐదొందలకు వచ్చి కూర్చున్నారని దుష్ప్రచారం చేశారు. అయినా ఎనభై రెండేళ్ల బిల్కిస్ దాదీ ముఖం ముందు అది నిలవలేదు. ఆ ఫోటోల్లోని ముఖాలు ఎవరినీ ప్రాణభిక్ష అడగలేదు. రాజ్యాంగాన్ని చేతబట్టుకుని హక్కు అడిగాయి.

గాజాలో బిసాన్ ఔదా అనే యువతి బాంబుల నడుమ ఫోను పట్టుకుని, తన పేరూ, తాను ఇంకా బతికే ఉన్నాననే మాటతో ప్రతి వీడియో మొదలుపెట్టింది. శిథిలాలను చూపినా వాటిలో మనుషులు ఏం వండుకుంటున్నారో, పిల్లలు ఏం ఆడుకుంటున్నారో, నీటి కోసం ఎంత దూరం నడుస్తున్నారో చెప్పింది. 2024లో ఆ కథనానికి అమెరికాలో ఎమ్మీ పురస్కారం వచ్చింది. పురస్కారం కంటే ముఖ్యమైనది, మరణాల అంకెగా మారిపోవడానికి ఆమె ఒప్పుకోకపోవడం.

మనకూ చెప్పవలసిన కథలు కొదవ లేవు. దూది ఏకి పరుపులు కుట్టే దూదేకుల కుటుంబం ఏ సర్టిఫికెట్ కోసం ఏ ఆఫీసు చుట్టూ తిరుగుతోందో తీయండి. వక్ఫ్ భూమి ఏ సర్వే నంబరులో ఎవరి కబ్జాలో ఉందో, పాత రికార్డు పక్కనే నేటి ఫోటో పెట్టి చూపండి. గల్ఫ్ నుంచి శవపేటిక రావడానికి ఎన్నాళ్లు పట్టిందో ఆ ఇల్లాలి మాటల్లోనే, ఆమె అనుమతితో వినిపించండి. పీర్ల చావడి దగ్గర హిందువులూ ముస్లింలూ కలిసి నడిచే ఊళ్లు ఇంకా ఉన్నాయి, ఆ ఊరి పేరుతో సహా చూపండి. మూకదాడి జరిగితే ఆ మనిషి చావును చూపడం మాని, అతని బతుకును చూపండి. ఏ పని చేసేవాడు, ఎవరిని పోషించేవాడు, కేసు ఏ కోర్టులో ఏ దశలో ఉంది, తదుపరి వాయిదా ఎప్పుడు, కుటుంబానికి పరిహారం అందిందా అని నెలనెలా చెప్పండి. ఫీడ్ సగంలో ఆపేసిన కథను చివరిదాకా నడిపించడమే మన ప్రతిఘటన.

ఇలాంటి వాటిని యంత్రం పైకి తేదనేది నిజమే. నెత్తురుకు వచ్చే షేర్లు కోర్టు వాయిదాకు రావు. కానీ మన వాట్సాప్ గ్రూపు ఏ యంత్రం చేతిలోనూ లేదు, మన చేతిలోనే ఉంది. అక్కడ ఏది పైకి రావాలో మనమే నిర్ణయించవచ్చు. వచ్చే జుమా నాడు ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి కుటుంబ గ్రూపు నిర్వాహకుడు ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: దాడి వీడియో వస్తే అది న్యాయవాదికి వెళుతుంది, గ్రూపుకు రాదు. గ్రూపుకు వచ్చేది ఆ మనిషి పేరు, అతని కేసు నంబరు, అతని కుటుంబానికి మనం చేయగలిగిన సాయం.

పొద్దున్నే భుజం మీదుగా మన ఫోను చూస్తున్న ఆ పిల్లవాడి దగ్గరికి మళ్లీ వద్దాం. ఈ ఫీడ్ చూసి పెరిగితే వాడికి ముస్లిం అంటే స్తంభానికి కట్టేసిన మనిషి. వాడు తెలుసుకోవలసిన ముస్లిం పాడి ఆవు కొనుక్కొచ్చిన పెహ్లూ ఖాన్, బట్టలు కుట్టిన కుతుబుద్దీన్, చలిలో కూర్చుని హక్కు అడిగిన బిల్కిస్ దాదీ. వాడికి ఈ రెండింటిలో ఏ కథ చెప్పాలో తేల్చవలసింది ఫేస్‌బుక్ కాదు. ఆ ఫోను మన చేతిలో ఉంది.